అట్ట మీద కదిలిన ముఖం

శుద్ధ తదియ

వచ్చే అమావాస్య నుంచి మా రేవులో జతలు కుదిర్చే పనిని పూర్తిగా యంత్రానికే అప్పగించబోతున్నారు. పాత పాటల సంపుటుల మీది బొమ్మ అట్టలను చదవడం తెలిసిన మనుషులం ఇక్కడ ఇద్దరమే మిగిలాం. మేము దేన్ని చూసి ఏ నిర్ణయానికి వచ్చేవాళ్లమో, ఎక్కడ పొరబడేవాళ్లమో ఇంతవరకు ఎవరూ రాసి ఉంచలేదు. ఇక వాయిదా వేయడానికి వీలు లేదు కనుక ఇవాళే మొదలుపెడుతున్నాను.

ఉదయం పోటు ఎక్కకముందే తెప్ప మీది మా గది కట్టుతాళ్లు వదులు చేశాను. తాళ్లు బిగువుగా ఉంటే తెప్ప ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగితే అరలలోని తేమ అంతా ఒకే మూలకు చేరి, అక్కడున్న అట్టలను తినేస్తుంది. తరువాత సున్నపు సంచులు మార్చాను. పని ముగిసేసరికి పక్క గదిలో శబ్దాలు చూసే బుల్లబ్బాయిగారు టీ గ్లాసుతో వచ్చి, యథాప్రకారం యంత్రాన్ని పలకరించారు.

"ఏవయ్యా పేరయ్యా, రాత్రి ఎన్ని పెళ్లిళ్లు చేశావేంటి?"

యంత్రం అసలు పేరు చాలా పొడుగు. అది చేసే పని మాత్రం ఒక్కటే. దాచిన పాటల నుంచి పేర్లన్నీ రాలిపోయిన ఏడాది నుంచి, పేరు లేని శబ్దాల కుప్ప ఒకవైపు, శబ్దం లేని అట్టల కుప్ప మరొకవైపు పడి ఉన్నాయి. యంత్రం ఆ కుప్పలోదాన్ని ఈ కుప్పలోదానితో కలిపి చూసి, పొంతన ఎంతవరకు కుదిరిందో చెబుతుంది. అందుకే కోరంగి తెప్పలవాడ మొత్తం దాన్ని పెళ్లిళ్ల పేరయ్య అంటుంది.

జత కుదిరిన శబ్దానికి ఒక పేరు, ఒక అర దక్కుతాయి. కుదరనిదాన్ని పౌర్ణమి పోటుకు, శబ్దాలన్నీ కరిగి ఒకటైపోయే ఉమ్మడి ఊటలో కలుపుతారు. ఇళ్లకు పాట వెళ్లేది ఆ ఊట నుంచే. ఎవరి గోడ వారి మనసెరిగి వారికొక్కరికే పాడుతుంది. ఊటలో కలిసినదాన్ని తిరిగి కోరడమంటే, పులుసులోంచి చింతపండును వెనక్కి అడగడమే.

శుద్ధ పంచమి

మధ్యాహ్నం పడవ దిగి ఒక పెద్దావిడ వచ్చారు. ఎనభై దాటి ఉంటాయి. చంకలో నూనెగుడ్డ చుట్టిన పలుచటి పొట్లం ఉంది. బుల్లబ్బాయిగారు ఎదురెళ్లి, "ఎక్కడి నుంచండీ రావడం?" అని అడిగారు.

ఆవిడ ఆయన ముఖంలోకి తేరిపార చూశారు. "ఆ మీసం కాస్త ఎత్తండి బాబూ. నాకు చెవులు పోయి చాన్నాళ్లయింది. పెదాలు చూసి వింటాను. మీ మాటంతా మీసంలో ఇరుక్కుపోతోంది."

బుల్లబ్బాయిగారు బొటనవేలితో, చూపుడువేలితో మీసాన్ని పైకెత్తి పట్టుకుని అదే ప్రశ్న మళ్లీ అడిగారు.

"ఆయ్, ఇప్పుడు వినపడుతోందండి. మడవాడ నుంచి వస్తన్నాను. నా పేరు సంగాడి వజ్రం."

పొట్లం విప్పితే లోపల అట్ట ఉంది. కాగితం మీద అచ్చయినది. ఒక డాబా, దాని మీద బట్టలు ఆరేసిన తీగ, తీగ చివర పసుపురంగు వానకోటు. తీగ కింద నీలం ప్లాస్టిక్ కుర్చీలో ఒక యువతి. పైన మూడింట రెండు వంతులు ఖాళీ ఆకాశం. యువతి భుజాలు, చీర కుచ్చెళ్లు స్పష్టంగా ఉన్నాయి. ముఖం మాత్రం పక్కకు జరిగిపోయి, తడిచేత్తో తుడిచిన సుద్దగీతలా ఉంది. మోచేతుల కింది భాగాన్ని కప్పేస్తూ ఒక తెల్లటి పట్టీ, అందులో చేతిరాతతో చిన్న అక్షరాలు: చూరునీళ్లు. ఆరీ ఆరనివి. మొదటిది బృందం పేరు, రెండవది సంపుటి పేరు.

"ముగ్గురం ఉండేవాళ్లమమ్మా. ఈ కుర్చీలో ఉన్నది నేనే," అన్నారు వజ్రంగారు నాతో. "సుగుణ పాడేది. ఇమ్మానియేలు రికార్డు చేసేవాడు, ఫొటో తీసేవాడు, అట్ట మీద రాసేవాడు. నేనేమో..."

నేను చేయి అడ్డం పెట్టాను. శబ్దం గురించి హక్కుదారులు చెప్పే మాటను వినకూడదన్నది మా గది నియమం. ఒకప్పుడు ఒక్కో పాటకు నాదంటే నాదని పదేసిమంది తల్లులు వచ్చేవారట. అట్ట గురించి మాత్రం ఎంతైనా చెప్పవచ్చు.

ఆవిడ ఏమీ అనుకోలేదు. "సరేనమ్మా. వాళ్లిద్దరూ పోయారు. పాట దొరికినా నేను వినలేను. కానీ మా పేరు పెట్టి ఎవరైనా వచ్చి అడిగితే, ఇదిగో ఉందని మీరు తీసివ్వాలి. పౌర్ణమికి కలిపేస్తారంట కదా? ఈలోగా చూడండి."

శుద్ధ సప్తమి

నేను అట్టను ఎలా చదివానో ఇక్కడ వివరంగా రాస్తాను.

వీరిని ఆ కాలంలో ఇండీ అనేవారు. వెనుక కంపెనీ లేకుండా, డాబాల మీద, పడకగదుల్లో, స్నేహితుల కెమెరాలతో పని కానిచ్చుకున్నవారు. కంపెనీ అట్టలను కలపడం పేరయ్యకు సులువు. వాటి మీద గాయకుడి ముఖం పెళ్లిపందిరి ముందు కటౌటులా నిలబడి ఉంటుంది. ఇండీవారి అట్టలకు వేరే మర్యాదలున్నాయి. ముఖాన్ని దాచడం వాటిలో మొదటిది. వీపు చూపేవారు, జుట్టు కప్పేవారు, పువ్వు అడ్డం పెట్టేవారు, లేదా కావాలనే కదిలించేవారు. నన్ను చూడకండి, పాట వినండి అన్న వినయం అందులో ఉంది. కాస్త బడాయి కూడా లేకపోలేదు. అక్షరాలు చేత్తో, చిన్నవిగా, ఒక మూలన ఉండాలి. వంకరగా ఉండాలి, ఆ వంకర సాధన చేసినదై ఉండాలి. మచ్చలేని ఫొటో ఇవ్వగల కెమెరా చేతిలో ఉన్నా, కొత్త ప్యాంటుకు చిరుగులు కుట్టించుకున్నట్టు దానికి గరుకు అద్దేవారు. ఇక మధ్యలో ఏదో ఒక ఇంటి వస్తువు: టేబుల్ ఫ్యాను, స్టీలు గ్లాసు, అన్నిటికంటే ఎక్కువగా ప్లాస్టిక్ కుర్చీ.

"ఆ రోజుల్లో గిటారు కంటే ముందు నీలం కుర్చీ కొనుక్కునేవారనుకుంటానండి," అన్నారు బుల్లబ్బాయిగారు.

"కుర్చీ ఖాళీగా ఉంటే విరహం. మనిషి కూర్చుంటే బద్ధకం," అన్నాను.

"మనిషి కింద పడుంటే?"

"అది రెండో సంపుటి."

ఈ పిల్లలంటే మా ఇద్దరికీ వాత్సల్యం. మాకంటే ముందే ముసలివాళ్లయిపోయినవారిని పిల్లలనడం సరికాదేమో కానీ, అట్టల మీద వారికి ఎప్పుడూ ఇరవై ఏళ్లే.

జగన్నాథపురం వైపు మునిగిన ఇళ్ల నుంచి తెచ్చిన శబ్దాలలో ఈ అట్టకు తగిన కాలానివి రెండు మిగిలాయి. ఒకటి మెత్తనిది: గుసగుసలాడే గొంతు, ఎక్కడో దూరంగా గిటారు. రెండవది గరుకుది: రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టు వాయిద్యం, దాని మధ్య నుంచి అరుస్తున్నట్టు పాడే స్త్రీ గొంతు. వెలిసిన రంగులు, ఖాళీ ఆకాశం, కదిలిన ముఖం, ఈ మూడూ ఒకచోట చేరితే లోపల గుసగుస ఉంటుందన్నది నా అనుభవం. శరీరమంతా స్థిరంగా ఉండి ముఖమొక్కటే కదిలిందంటే అది యాదృచ్ఛికం కాదని కూడా నిశ్చయించుకున్నాను. మోచేతుల దగ్గర కొద్దిగా అలుక్కున్నట్టున్నది ఉప్పుతేమ మచ్చ అని గుర్తించాను.

మెత్తనిదానికి పేరయ్య నూటికి ఎనభై మూడు పాళ్ల పొంతన చూపింది. గరుకుదానికి పదకొండు. మేము, యంత్రం ఏకాభిప్రాయానికి రావడం అరుదు. ఇద్దరం ముద్ర వేశాం. గరుకుది ఊట వరుసలోకి వెళ్లింది.

శుద్ధ దశమి

వజ్రంగారికి కబురు పంపాం. ఆవిడ ఎండు రొయ్యల పొడి సీసాతో వచ్చారు.

"దొరికిందా అమ్మా? ఎలా ఉంది మా పాట? చెప్పు, చూస్తాను."

ఆవిడకు ఎదురుగా వెలుతురులో కూర్చుని, పెదవులు స్పష్టంగా కదిలిస్తూ వర్ణించాను. తెల్లవారుజామున ఎవరినీ నిద్రలేపకుండా నడిచే మనిషిలా ఉందన్నాను. చెవిలో రహస్యం చెబుతున్నట్టు, గుసగుసగా ఉందన్నాను.

"ఏమన్నావు? మళ్లీ అను."

"గుసగుసగా."

"గుసగుసా? మేమా?" ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. "కింద వాటాలో మేష్టారొకాయన ఉండేవారమ్మా. మేము మొదలెట్టామంటే చీపురు పట్టుకుని పైకొచ్చేసేవారు!"

నేను బుల్లబ్బాయిగారి వైపు చూశాను. ఆయన పైకప్పు వైపు చూశారు. "నేనైతే ఏమీ వినలేదండి దమయంతిగారూ. నియమం నియమమే. చీపురు సంగతి అసలు వినలేదు."

మేష్టారి చీపురు కూడా పాట శబ్దానికి సంబంధించిన సాక్ష్యమే. దాన్ని లెక్కలోకి తీసుకోలేను. కానీ తీసుకోలేనంత మాత్రాన మరచిపోనూ లేను. అందుచేత నాకు అనుమతి ఉన్న ప్రశ్న అడిగాను. పంచమినాడే అడగవలసిన ప్రశ్న అది.

"వజ్రంగారూ, అట్ట మీద మీరు ముఖం ఎందుకు దాచుకున్నారు?"

"దాచుకోవడమేంటి తల్లీ! పసుపు రాసుకుని, కాటుక పెట్టుకుని, అద్దంలో పదిసార్లు చూసుకుని మరీ కూర్చున్నాను. వాయిస్తా ఉన్నాను. రికార్డు తిరుగుతోంది. ఇమ్మానియేలు పక్కనుంచి 'వజ్రం!' అని కేకేశాడు. తిరిగాను. నొక్కేశాడు. ఫొటో చూసుకుని రెండు రోజులు అన్నం మానేశాను. ఇంకోటి తియ్యరా అంటే ఫిల్ము అయిపోయిందన్నాడు సచ్చినోడు. 'ఏం పర్లేదు, ఇలాగే వేసేద్దాం, అందరూ స్టయిలనుకుంటారు' అన్నాడు."

బుల్లబ్బాయిగారు మీసం ఎత్తి పట్టుకుని, చాలా మెల్లగా అన్నారు: "అనుకున్నారండి."

శుద్ధ ఏకాదశి

ఉదయం భూతద్దం కింద అట్టను మళ్లీ చూశాను. ఉప్పుతేమ కాగితం అంచు నుంచి లోపలికి పాకుతుంది, అంచులో ముదురుగా ఉంటుంది. మోచేతుల దగ్గరి మచ్చకు అటువంటి దారి లేదు. అది తేమ కాదు. చేతులు కూడా కదిలాయి. వేగంగా కదిలాయి. మిగిలిన ముంజేతులను, వాటి కింద ఉన్న వాయిద్యాన్ని అక్షరాల పట్టీ కప్పేసింది. బద్ధకంగా కూర్చున్న అమ్మాయిని చూస్తున్నాననుకున్నాను. వాయించే మనిషిని చూస్తున్నానని తెలుసుకోలేదు.

మర్యాదలు తెలియనివాడు ఈ పొరపాటు చేయడు. ఫొటో కదిలిందంటాడు, అంతే. చదవడం నేర్చినవారికే ప్రతి మరకా అక్షరంలా కనిపిస్తుంది.

మేము ఇంతవరకు విన్నవి పేరయ్య కడిగి ఇచ్చిన ప్రతులు. పాట కానిదాన్నంతా అది దోషమని తీసేస్తుంది. గరుకుదాని ముడి ప్రతి కోసం బుల్లబ్బాయిగారు ఊట వరుస దగ్గరికి వెళ్లి, అక్కడి కాపలావారితో చాలాసేపు వెటకారమాడి, చివరికి తెచ్చారు.

అయిదో పాటలో ఉంది. నూనె డబ్బా లాంటిదాని మీద దరువు పరుగెడుతూ ఉంటుంది. ఒక మగగొంతు కేక వేస్తుంది. దరువు ఒక్క దెబ్బ తప్పుతుంది. వెంటనే 'టక్' మని చిన్న చప్పుడు. ఒక అమ్మాయి నవ్వు. దరువు మళ్లీ అందుకుంటుంది.

బుల్లబ్బాయిగారు చెవుల నుంచి గొట్టాలు తీసి బల్ల మీద పెట్టారు.

శుద్ధ త్రయోదశి

ముద్ర రద్దు చేసి, చూరునీళ్లు పేరును గరుకుదానికి మార్చాం. పేరయ్య మూడుసార్లు అభ్యంతరం చెప్పింది. పదకొండు పాళ్ల పొంతనకు పెళ్లి చేయడం దాని చరిత్రలో లేదు.

అయితే దీని పర్యవసానం నేను ముందుగా ఆలోచించలేదు. మెత్తనిది ఇప్పుడు అట్ట లేనిదయింది. మరొక అట్ట కోసం కుప్ప అంతా వెతికాం. దొరకలేదు. ఎల్లుండి దాన్ని ఊటలో కలుపుతారు.

వజ్రంగారికి విషయమంతా చెప్పాను. గరుకుది తమదేనని తెలిసి ఆవిడ చేతులు జోడించారు. మెత్తనిదాని సంగతి విని జోడించిన చేతులు విడదీశారు.

"అంటే, మాకు ఇల్లిచ్చి దాన్ని వీధిలో పెడతారా?"

"దానికి అట్ట లేదండి."

"మా అట్ట ఉందిగా."

"ఒక అట్టకు ఒక శబ్దమే కదండీ."

"ఎవరు చెప్పారు? డబ్బులు చాలకపోతే రెండు బృందాలు కలిసి ఒకే క్యాసెట్టు వేసుకునేవాళ్లమమ్మా. ఈ పక్క వాళ్లు, ఆ పక్క మేము. అట్ట ఒక్కటే. రెండు పేర్లు రాసి మధ్యలో ఏటవాలు గీత గీసేవాళ్లం. ఒకళ్లు గోల, ఒకళ్లు జోల, ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు."

బుల్లబ్బాయిగారు చప్పున లేచి, నాలుగో అర నుంచి కొన్ని అట్టలు తెచ్చి బల్ల మీద పరిచారు. ప్రతిదాని మీదా రెండు పేర్లు, మధ్యలో ఏటవాలు గీత. ఇన్నేళ్లూ మేము ఆ రెంటినీ కలిపి ఒకే బృందం పేరుగా చదివాం. గీతను అలంకారమనుకున్నాం.

"దమయంతిగారూ," అన్నారాయన, "అది గీత కాదండి. ఇంటి మధ్య గోడ."

వజ్రంగారి అట్ట మీద నేను ఏమీ రాయలేదు. అది నా హక్కు కాదు. అర మీది చీటీలో మాత్రం ఇలా రాశాను: చూరునీళ్లు / పేరు తెలియనివారు. దాని కింద, తరువాత చూసేవారు మోసపోకుండా, మరొక వాక్యం చేర్చాను: గీతకు ఎడమవైపున్నది నిర్ధారణ, కుడివైపున్నది ఆతిథ్యం.

పౌర్ణమి

సాయంత్రపు పోటు బాగా ఎక్కింది. తాళ్లు రెండుసార్లు వదులు చేశాను. ఊట వైపు గొట్టాలు తెరిచిన చప్పుడు ఇక్కడికి వినిపించింది. ఈ నెల జత కుదరనివి అన్నీ వెళ్లిపోయాయి. మా అర మీదివి వెళ్లలేదు.

వజ్రంగారిని పిలిచాం. ముగ్గురం ఒకే పాట దగ్గర కూర్చోవాలని బుల్లబ్బాయిగారి కోరిక. గోడలు ఎవరికి వారికి పాడడం మొదలైనప్పటి నుంచి, ఒకే పాటను ఇద్దరు కలిసి వినడమే అరుదైపోయింది. వినలేని మనిషితో కలిసి వినడం ఎలాగో నాకు అర్థం కాలేదు.

ఆయన లోపలి గది నుంచి వచ్చేసరికి అర్థమైంది. మీసం లేదు. నలభై ఏళ్లుగా నేనెరిగిన ముఖం మధ్యలో లేత రంగు పట్టీలా కొత్త చర్మం కనిపించింది.

"అయ్యో బాబూ," అన్నారు వజ్రంగారు నోటి మీద చేయి పెట్టుకుని. "మీ అట్ట మార్చేశారేంటండీ!"

"పాత అట్ట మీద అక్షరాలు సరిగా కనపట్టం లేదన్నారు కదండీ తమరు."

పాట పెట్టి, ఆవిడకు ఎదురుగా కూర్చుని, సుగుణగారు పాడిన ప్రతి మాటనూ ఆయన పెదవులతో పలికారు. గొంతు కలపలేదు. ఆవిడ ఆ పెదవులనే చూస్తూ, ఒళ్లో చీర మీద వేళ్లతో దరువు వేస్తున్నారు. మొదట వెనకబడ్డారు, తరువాత అందుకున్నారు, అయిదో పాటకు వచ్చేసరికి ముందుకు వెళ్లిపోయారు. కేక వచ్చినచోట బుల్లబ్బాయిగారు నోరంతా తెరిచి 'వజ్రం' అని పలికారు. ఆవిడ ముఖం తిప్పలేదు. దరువు తప్పలేదు. ఈసారి కెమెరా ఉంటే ఫొటో స్పష్టంగా వచ్చేది.

అట్ట అన్నది పాటను ఇంకా వినని మనిషి కోసం తయారైన వస్తువు. ఇంతకాలం దాన్ని చదివాను కానీ, ఈ మాట నాకు తట్టలేదు.

బహుళ పాడ్యమి

నీరు తీసింది. తాళ్లు బిగించాను. అమావాస్య తరువాత ఈ గదికి వచ్చేవారి కోసం, తేలినవి తేలనివి వేరుచేసి రాస్తున్నాను.

చప్పుడు కెమెరాది. దరువు తప్పడం నిజం. అట్ట మీది మోచేతులు కదిలినవే. వీటి మీద నాకు సందేహం లేదు. కుడివైపున్న మెత్తని గొంతు ఎవరిదో తెలియదు. ఎవరైనా తమ అట్టతో వస్తే, గీత చెరిపి వారిది వారికి ఇవ్వాలి.

ఇంకొకటి ఉంది. ఈ ఉదయం ముడి ప్రతిని ఒంటరిగా మళ్లీ విన్నాను. కేకలో మొదటి అక్షరం స్పష్టం, చివరి సున్న స్పష్టం. మధ్యలో గాలి కొట్టింది. బుల్లబ్బాయిగారికి అది 'వజ్రం' అని వినిపించింది. నాకు కొన్నిసార్లు అలాగే వినిపిస్తోంది, కొన్నిసార్లు 'వర్షం' అని వినిపిస్తోంది. అదే అయితే ఎడమవైపుకు కూడా నిర్ధారణ అన్న మాట చెల్లదు. తీగ మీద బట్టలున్న ఏ డాబా మీదనైనా, ఏ సాయంత్రమైనా ఎవరైనా అలా అరిచి ఉండవచ్చు. చూరునీళ్లవారి డాబా మీద కూడా అరిచి ఉండవచ్చు. తేల్చి చెప్పగల ఒక్క మనిషికి వినపడదు. ఆవిడను నేను అడగలేదు. అతను పిలిచింది ఆ అమ్మాయినో, వస్తున్న వాననో నాకు ఇంకా తెలియదు.